మసి కాలేదాక ఆపొద్దు

బట్ట నేసే సాంచ కాడ వాసనొస్తే ముందుగాల బంద్ చెయ్యాలె. ఎందుకొచ్చింది, ఏడికెల్లి వచ్చింది అన్నది తర్వాత చూసుకోవాలె. బెల్టు కాలే వాసన వేరు, మోటరు కాలే వాసన వేరు, నూనె మాడే వాసన వేరు. ఏదైనా గాని చెయ్యి మొదలు హ్యాండిల్ మీదికి పోవాలె. సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చిన కొత్తల నా పెనిమిటి నాకు కండెలు చుట్టుడు నేర్పకముందు ఇదే నేర్పిండు.

ఒకపారి మా కార్ఖానల ఒకాయన గా పని చెయ్యలే. మోటరు వాసన కొడుతుంటే, ఇంకో గజం బట్ట దిగినంక ఆపుదమనుకున్నడు. మోటరు కిందున్న పోగుల నూగు అంటుకున్నది. మెయిన్ స్విచ్ గుంజుదామని పొగలకు పోయినోడు నా పెనిమిటి. బయటికి నడుచుకుంటనే వచ్చిండు. గాని ఆ పొగ ఆయన ఛాతిల నుంచి పోలే. ఆ యేడు వానలు పడకముందే ఆయనే పోయిండు.

అప్పటిసంది నా ముక్కు నిద్రల సుత మెలకువతోనే ఉంటది. ఇదంత ఎందుకు చెప్తున్ననంటే, నేను చెప్పబోయేది ఒక కారు సంగతి. కారు సంగతి చెప్పాల్నంటే నా ముక్కు సంగతి చెప్పక తప్పది.

కరోనా వచ్చి దేశమంత బంద్ పెట్టినప్పుడు మేము సూరత్ అంచున ఇచ్ఛాపూర్ దిక్కు ఒక సాంచల కార్ఖానలనే ఉంటుంటిమి. గేటు పక్క ఒక అర్ర. నేను, నా కొడుకు, నా తమ్ముడు. మా దిక్కోళ్ళంత దొరికిన లారీ, దొరికిన బస్సు పట్టుకొని ఊర్లకు పోయిండ్రు. మేము పోయేటట్టు లేదు. తమ్మునికి కిడ్నీలు ఖరాబైనయ్. వారానికి రెండుమాట్ల పండవెట్టి, మిషన్‌తోని రగతం కడగాలె. ఊర్లకు పోతే గా మిషన్ యాడుంటది? అందుకే ఆగిపోయినం. సాంచలన్ని మూగబోయినయ్. పొద్దంత గా చప్పుడుల బతికినోళ్ళం, చప్పుడు లేకపోతే చెవులల్ల ఏదో గుయ్యిమనేది.

మా కార్ఖాన సేఠ్ సూరత్‌లనే ఆల్థాన్‌ల ఉంటడు. బంద్‌కు జర ముందుగాలనే కొత్త బండి కొన్నడు. డీజిల్ బండి. పొట్టిగనే ఉంటది గాని ఎత్తు ఎక్కువ. తల్లి, పెండ్లాం, పిల్లలు అందరు కలిసి కూసునేటట్టు ఉంటది. వాళ్ళ బిల్డింగ్ కింద ఏదో తవ్వుతున్నరని తెచ్చి కార్ఖానల పెట్టిపోయిండు. ఇగ బంద్ వచ్చె. ఆ వెనుక వాళ్ళ బిల్డింగ్‌ల ఎవరికో రోగమొచ్చి, గేటుకు బొంగులు అడ్డం కట్టి సీల్ చేసిరి. సేఠ్ లోపల, బండి మా కాడ.

ఒకనాడు ఫోన్ చేసిండు. నన్ను బెన్ అంటడు, అంటే అక్క అని. "బెన్, బండి ఊకె పండుకుంటే బ్యాటరీ సస్తది. నీ కొడుకును రోజు జరసేపు చాలూ చెయ్యమను. కంపెనీ గల్లీలల్ల ఒక రౌండ్ కొట్టమను" అన్నడు.

నా కొడుకు సాంచ మీద కారీగరే గాని, టెంపో సుత నడిపేటోడు. బట్ట తాన్లు రింగ్ రోడ్ మార్కెట్లకు వేసి వచ్చేటోడు. లైసెన్స్ ఉన్నది. కాకపోతే సాంచోళ్ళకు ఒక అలవాటు ఉంటది. సాంచ హ్యాండిల్ సగం సగం గుంజద్దు. గుంజితే ఒక్కటే గుంజుడు. మెల్లగ మొదలువెడితే పోగుల నడుమ అటిటు ఉరికే నాడె మధ్యలనే ఇరుక్కుంటది, పోగులన్ని పటపట తెగుతయ్. వాడు కారు క్లచ్ సుత అట్లనే ఇడిచేటోడు. బండి కోడిపుంజు లెక్క ఎగిరేది.

నా తమ్ముడు గేటు కాడ కుర్చీల కూసోని నవ్వేటోడు. "ఏం అల్లుడా, నాడె విసురుతున్నవా? అవుతలి దిక్కు పట్టేటోడు ఎవడున్నడు?"

"నువ్వే పట్టు మామా, ఊకెనే కూసున్నవ్ కదా" అనేటోడు వీడు.

రోజు ఇదే. చాలూ చేసుడు, జరసేపు గుర్రుమనిపించుడు, గల్లీలల్ల మెల్లగ ఒక రౌండ్ కొట్టి తెచ్చుడు. కొత్త బండికి ఏం కావద్దని చీమ నడిచినట్టు నడిపేటోడు. కొన్నాళ్ళకు ఒకనాడు, రౌండ్ కొట్టి వచ్చి నిలబెట్టిండో లేదో, బండి ముందట పంక హోరుమన్నది. ఇంజన్ తనంతట తానే గొంతు పెంచింది. కిందికెల్లి పెంక మీద ఇనుము కాలినట్టు వాసన.

"బంద్ చెయ్‌రా" అన్న.

వాడు సుత కార్ఖానల పెరిగినోడే. నేను అనేలోపే వాని చెయ్యి బటన్ మీదున్నది. బంద్ చేసినంక సుత పంక ఒక్కటే తిరిగింది. కింద వంగి చూస్తే పొగగొట్టం కాడికెల్లి సెగ మొఖానికి కొట్టింది. మంచిగైంది, టైంకు చూసినం అనుకున్నం. తర్వాత ఇంకోనాడు అట్లనే వచ్చింది. మళ్ళ బంద్ చేసినం. మళ్ళ వచ్చింది, మళ్ళ చేసినం. సేఠ్ బండిని కండ్లల్ల పెట్టుకొని చూస్తున్నమని మా ధీమా.

ఎండలు ముదిరినంక తమ్ముడు పోయే దవాఖానల మిషన్ నడిపేటోళ్ళకే కరోనా వచ్చింది. మిషన్లన్ని బంద్. ఇంకోకాడికి పోతే జాగ లేదన్నరు. తమ్మునికి ఒక పారి తప్పింది, ఇంకో పారి తప్పింది. కాళ్ళు ఉబ్బినయ్. ఏలు పెట్టి వత్తితే గుంట పడి అట్లనే ఉండేది. పండుకుంటే ఊపిరి ఆడేది కాదు. గోడకు ఒరిగి కూసోనే నిద్రపోయేటోడు. నీళ్ళు అడిగేటోడు. నీళ్ళు తాగొద్దు, తాగితే పోయేతొవ్వ లేదు లోపల. తడిబట్ట పెదాలకు అద్దేదాన్ని. వాడు బట్టను చప్పరించేటోడు. చిన్నప్పుడు మా అమ్మ పోతే నేనే సాదిన వాన్ని. వాడు తడిబట్ట చప్పరిస్తుంటే చూడలేకపోయేదాన్ని.

నా కొడుకు ఫోన్ల మీద ఫోన్లు కొట్టంగ కొట్టంగ పక్క జిల్లా నవసారిల ఒక ధర్మ దవాఖానోళ్ళు ఒప్పుకున్నరు. పగటీలి లోపల, మధ్యాన్నం దాటకముందే రావాలె, వస్తే ఒక మంచం ఆపుతం, రాకపోతే వేరేటోళ్ళకు ఇస్తం అన్నరు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే కరోనా పేషెంట్లకే చాలుతలేవన్నరు. ఆటోలు లేవు. సేఠ్‌కు చేసిన.

"బండి ఉన్నది కదా బెన్. తీస్కపోండ్రి" అన్నడు. ఒక్క మాట ఎక్కువ అనలే.

పొద్దుగాలనే ఎళ్ళినం. తమ్ముడు ముందు సీట్ల, సీటు నిటారుగ పెట్టి. నేను వాని వెనుక. బండి ఎప్పటి లెక్కనే ఎగిరింది. తమ్ముడు నవ్వబోయిండు, దగ్గు వచ్చింది.

తాపీ నది బ్రిడ్జికి ముందు పోలీసు నాకా. లారీలు, పాల బండ్లు, మేము. ఎండల మస్తుసేపు నిలబెట్టిండ్రు. ఇంజన్ నడుస్తనే ఉన్నది, తమ్మునికి ఏసీ కావాలె. దవాఖాన కాయితం చూపిస్తే ఇడిచిపెట్టిండ్రు. బ్రిడ్జి ఎక్కుతుంటే కొడుకు ఏదో గొణిగిండు.

"ఏందిరా?"

"బండి గుంజుతలేదమ్మా. రేస్ ఇస్తున్న, గుంజుతలేదు."

స్టీరింగ్ వెనుక పసుప్పచ్చ దీపం ఒకటి వెలిగింది. నాకు అక్షరాలు రావు గాని బొమ్మ కనవడ్డది. డబ్బా లెక్క ఉన్నది, దాంట్ల చుక్కలు. బ్రిడ్జి మీద వెనుక లారీ హారన్ కొడుతున్నది. బండి ముసలెద్దు లెక్క మెట్టెక్కుతున్నది.

కొడుకు సేఠ్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టిండు. దీపం సంగతి చెప్పిండు.

"ఆపు, ఆపు. పక్కకు పెట్టి బంద్ చెయ్. ఇంజన్ సీజ్ అయితది" అన్నడు సేఠ్. "ఉండు, షోరూం మిస్త్రీని లైన్ల తీసుకుంట."

బ్రిడ్జి దిగినంక కొడుకు బండిని పక్కకు తీస్తున్నడు. ఇంతల మిస్త్రీ గొంతు వచ్చింది. ఇంట్ల ఉన్నట్టున్నడు, ఎనుక కుక్కర్ సీటీ కొడుతున్నది.

"బంద్ చేసిండ్రా?" అని అడిగిండు.

"ఇప్పుడే చేస్తున్న" అన్నడు నా కొడుకు.

"చెయ్యకు. చెయ్యి తియ్యి బటన్ మీదికెల్లి." ఆయన హిందీల చెప్తున్నడు, నాకు సుత సమజైతనే ఉన్నది. "ఎన్ని దీపాలు వెలిగినయ్? ఒకటేనా? ఇంజన్ బొమ్మ వెలగలే కదా? అయితే ఇంకా మన చేతుల్లనే ఉన్నది. ఇన్ని రోజులు బండిని ఎట్ల నడిపిండ్రు?"

కొడుకు చెప్పిండు. గల్లీ రౌండ్లు, వాసన, బంద్ చేసుడు.

"చూడు మాసీ, చూడు భాయ్. డీజిల్ బండి పొగగొట్టంల ఒక జాలీ ఉంటది. మసి బయటికి పోకుంట అది పట్టుకుంటది. మెల్లగ నడిపితే మసి నిండుతది. నిండినప్పుడు ఇంజన్ తనే ఎక్కువ డీజిల్ పోసి జాలీని వేడిచేసి మసిని కాలుస్తది. గదే మీకొచ్చిన వాసన. కాలవెట్టిన ప్రతిసారి మీరు పొయ్యి ఆర్పిండ్రు. ఇప్పుడు నిండింది. పొగ పోయే తొవ్వ లేక ఇంజన్‌కు ఊపిరి ఆడుతలేదు."

తమ్ముడు కండ్లు తెరిచిండు. "అక్కా," అన్నడు, ఒక్కొక్క మాటకు ఆగుకుంట, "దీనికి సుత... నా రోగమే."

నాకు నవ్వు రాలే. "ఇప్పుడేం చెయ్యాలె?" అని అడిగిన ఫోన్ల.

"ఉరికించాలె. హైవే మీద ఆపకుంట ఉరికించాలె. ఆరో గేరు వద్దు, నాలుగోదాంట్లనే పెట్టు. ఇంజన్ గొంతు లేవాలె, రేస్ ముల్లు రెండు దాటి ఉండాలె. వాసనొస్తది. పంక అరుస్తది. భయపడొద్దు. దీపం ఆరేదాక బంద్ చెయ్యొద్దు. ఇప్పుడు ఆపితే ఇంకో దీపం వెలుగుతది, ఇగ బండి తన బలం తనే కోసుకుంటది, నడక లెక్క పోతది. దాన్ని కంప్యూటర్ పెట్టి మేమే తియ్యాలె. షోరూమేమో బంద్ ఉన్నది."

"అంటుకోదా?" అన్న.

"అంటుకోదు మాసీ. ఒక్కటే, ఎండుగడ్డి మీద మాత్రం నిలబెట్టకుండ్రి. గొట్టం ఎర్రగ ఉంటది."

సేఠ్ అడ్డమొచ్చిండు. "కొత్త బండి భాయ్. ఏమన్న అయితే?"

నా కొడుకు అద్దంల నన్ను చూస్తున్నడు. నేను తమ్ముని మెడ మీద చెయ్యి పెట్టి ఉన్న. ఊపిరి తీసినప్పుడల్ల మెడ నరాలు తాళ్ళ లెక్క లేస్తున్నయ్.

సేఠ్ అడిగిండు, "బెన్, భాయ్ ఎట్లున్నడు?"

"ఊపిరి అందుతలేదు" అన్న.

"అయితే ఉరికించుండ్రి" అన్నడు సేఠ్.

కొడుకు ఉరికించిండు. సచిన్ అనే ఊరి దిక్కు పోయే పెద్ద రోడ్డు, మామూలుగనైతే సందుండదు, ఆనాడు ఖాళీ. నాలుగో గేరుల ఇంజన్ ఏడుస్తున్నది. ఇన్నాళ్ళు ఆ బండి గొంతు గట్ల నేను వినలే. సాంచైతే గా చప్పుడుకు మిస్త్రీని పిలిచేటోళ్ళం. కొడుకు కాలు మాటిమాటికి ఎనుకకు వస్తున్నది, మెల్లగైతున్నడు. వాని తప్పు కాదు. మిషన్ అరిస్తే దమ్ము ఇయ్యాలె అని వానికి మా నుంచే వచ్చింది.

"తొక్కు బిడ్డా" అన్న.

"తొక్కుతనే ఉన్న అమ్మా. దీపం పోతలేదు."

వాసనొచ్చింది. మొదలు జరంత, తర్వాత మస్తు. వేడి ఇనుము, మసి, గొంతుల గుచ్చుకునే వాసన. ఏసీ బయటి గాలి తియ్యకుంట పెట్టమన్న. అయినా వచ్చింది. నా కుడిచెయ్యి తనంతట తాను లేచి, ముందుకు పోయి, కొడుకు భుజం దాటి బటన్ దిక్కు పోయింది. నేను పంపలే దాన్ని. చేతిని గుంజుకొని తొడ కింద పెట్టుకొని దాని మీద కూసున్న. కార్ఖాన పొగ గుర్తొచ్చింది. మెయిన్ స్విచ్ కాడికి పోయిన నా మనిషి ఎనుకకు తిరిగి నా దిక్కు చూసినట్టు అనిపించింది. బంద్ చెయ్ అని ఎవరో నా చెవుల అంటనే ఉన్నరు.

తమ్ముడు, "అక్కా, ఆపుమను. కడుపుల తిప్పుతున్నది" అన్నడు.

కొంగు వాని గదవ కింద పట్టిన. "గిండ్ల కక్కు తమ్మీ. ఆపద్దట."

వాడు కక్కిండు. నీళ్ళే. కొంగు ముడిచి నడుముల చెక్కుకున్న.

"చీర ఖరాబ్ చేసిన" అన్నడు.

"నీ చిన్నప్పుడు చెయ్యని చీర ఏదున్నది?" అన్న. వాడు కండ్లు మూసుకున్నడు.

నవసారి జిల్లా మొదలయ్యే కాడ ఇంకో నాకా ఉన్నది. దూరంకెల్లే ఇనుప బ్యారికేడ్లు కనవడ్డయ్. దీపం వెలుగుతనే ఉన్నది. కొడుకు మొఖం అద్దంల తెల్లగైంది. ఫోన్ల మిస్త్రీ ఇంకా ఉన్నడు. "నిలబడాల్సి వస్తే న్యూట్రల్ చేసి రేస్ మీద కాలు ఉంచు. బంద్ మాత్రం చెయ్యకు" అన్నడు.

పోలీసాయన చెయ్యెత్తిండు. మాస్కు, ఎండకు నెత్తి మీద తడి తువ్వాల. మమ్ముల రోడ్డు దించి పక్కకు పెట్టమని లాఠీతోని చూపించిండు. ఆ పక్కనంత ఎండుగడ్డి, మోకాలెత్తు.

కొడుకు గడ్డి దిక్కు పోలే. రోడ్డు మీదనే నిలబెట్టి, రేస్ మీద కాలు ఉంచిండు. బండి నిలబడి అరుస్తున్నది.

పోలీసాయనకు కోపం వచ్చింది. "చెప్తుంటే సమజైతలేదా? పక్కకు పెట్టు. ఇంజన్ బంద్ చెయ్" అన్నడు. నాకాల కాడ ఇంజన్ బంద్ చేసుడు ఆయన రూలు. కొడుకు నా దిక్కు చూసిండు. చిన్నప్పటిసంది పోలీసంటే భయం వానికి, సూరత్‌ల మాలాంటి బయటోళ్ళందరికి ఉండేదే. వాని చెయ్యి బటన్ కాడికి పోతున్నది.

నేను తలుపు తీసి దిగిన. ఆయనకు బండికి నడుమ నిలబడ్డ. భుజం మీద కొంగు లేదు, అది ముడిచి నడుముల ఉన్నది. చేతులు జోడించిన.

"సాబ్, లోపల నా తమ్ముడు. మిషన్ మీద రగతం కడగాలె. పగటీలి లోపల పోకపోతే మంచం ఇయ్యరు."

"కాయితం చూపియ్యి. మొదలు ఇంజన్ బంద్ చెయ్యమను."

"కాయితం ఇగో. ఇంజన్ బంద్ కాదు సాబ్."

అప్పటికి వాసన ఆయనకు సుత కొట్టింది. వంగి బండి కింద చూసిండు. సెగకు మొఖం ఎనుకకు తీసుకున్నడు. "అరే, నీ బండి కాలుతున్నది మాసీ. అందరు దిగుండ్రి, దిగుండ్రి" అన్నడు.

"కాలనియ్యి సాబ్," అన్న. "కాలాలెనట."

ఆ మాట నా నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో నాకే తెల్వది. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. "లోపల మసి ఉన్నది. అది కాలితేనే బండి పోతది. ఇప్పుడు ఆర్పితే ఈడనే ఆగిపోతది, మీ నాకా నడుమల. వాడు సుత ఈడనే ఆగిపోతడు. మీరు నూకుతరా మరి?"

ఆయన అద్దంలకెల్లి తమ్ముని చూసిండు. ఉబ్బిన కాళ్ళు, నోరు తెరిచి తీస్తున్న ఊపిరి. కాయితం చదివినట్టు చేసిండు గాని, ఆయన కన్ను గడ్డి మీదికి పోయింది, బండి కింది సెగ మీదికి పోయింది, ఎనుక నిలబడ్డ గ్యాస్ సిలిండర్ల లారీ మీదికి పోయింది. ఇంకో పోలీసును పిలిచి, "బ్యారికేడ్ తియ్యి. దీన్ని ఈడికెల్లి పంపియ్యి ముందు" అన్నడు.

ఆయనకు మా మీద దయ కలిగిందా, బండి పేలుతదని భయమైందా, నేను అడగలే. ఎక్కి తలుపేసుకున్న. కొడుకు క్లచ్ ఇడిచిండు. కోడిపుంజు ఎగిరినట్టు ఎగిరింది.

మళ్ళ నాలుగో గేరు, మళ్ళ అరుపు. తమ్ముని తల నా దిక్కు ఒరిగింది. పేరు పెట్టి పిలిస్తే పలుకలే. గదవ పట్టి పైకెత్తిన, కండ్లు జరంత తెరిచిండు. అప్పుడు నేను దీపాన్ని చూసుడు బంద్ చేసిన. దాన్ని చూస్తే తమ్ముని చూడలేను, తమ్ముని చూస్తే దాన్ని చూడలేను. దాని సంగతి కొడుకుకు ఇడిచిపెట్టిన.

ఎంత దూరం పోయినమో. ముందుగాల గొంతు మారింది. ఏడుపు లెక్క ఉన్న చప్పుడు సాఫ్ అయ్యింది. తర్వాత సీటు నా వీపును నూకింది, బండి ఒక్కసారి ముందుకు గుంజింది.

"అమ్మా," అన్నడు కొడుకు, మెల్లగ. "ఆరింది."

ఫోన్ల మిస్త్రీ, "జర అట్లనే పోనియ్యి, వెంటనే ఆపకు" అన్నడు. ఆయన ఇంట్ల కుక్కర్ ఎప్పుడో ఆగిపోయింది. అప్పటిదాక ఆయన తిండి తిననట్టున్నది.

దవాఖాన గేటు కాడికి పోయేసరికి మంచం ఇంకా ఉన్నది. ఇద్దరు మనుషులు ప్లాస్టిక్ బట్టలల్ల వచ్చి తమ్మున్ని చక్రాల కుర్చీల కూసోపెట్టి తీసుకపోయిండ్రు. నన్ను లోపలికి రానియ్యలే. కొడుకు బండిని సిమెంటు నేల మీద నిలబెట్టి, మిస్త్రీని అడిగి, అప్పుడు బటన్ నొక్కిండు. నేను బానెట్ మీద చెయ్యి పెట్టిన. లోపల ఇనుము సల్లారుకుంట టిక్కు టిక్కుమంటున్నది. వాసన లేదు. కొడుకు అట్లనే స్టీరింగ్ మీద తల పెట్టి పండుకున్నడు.

పొద్దు వాలుతుంటే తమ్ముడు నడుచుకుంట బయటికి వచ్చిండు. గోడ పట్టుకున్నడు గాని నడిచిండు. మొఖంల ఉబ్బు దిగింది. బండి కాడికి వచ్చి బానెట్ మీద మెల్లగ కొట్టిండు.

"ఇద్దరికి సాఫ్ చేసిండ్రు" అన్నడు. తర్వాత నా దిక్కు తిరిగి, "అక్కా, నీళ్ళు" అన్నడు.

డాక్టర్ ఇయ్యొచ్చన్నన్ని ఇచ్చిన. నోట్ల పెట్టుకొని మస్తుసేపు మింగలే.

సేఠ్ ఫోన్ వచ్చింది. మొదలు తమ్ముడు ఎట్లున్నడని అడిగిండు, తర్వాత బండి ఎట్లున్నదని అడిగిండు. రెండు మంచిగనే ఉన్నయన్న. వారానికి రెండుమాట్ల ఇట్లనే పోయి రండ్రి, బండికి సుత మంచిదే అన్నడు. సూరత్‌ల మిషన్లు మళ్ళ మొదలయ్యేదాక అట్లనే పోయినం.

ఆనాడు తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు నిద్రపోయిండు. ఈపు సీటుకు ఆనిచ్చి, నోరు మూసుకొని, మంచిగ ఊపిరి తీసుకుంట. కొడుకు నాలుగో గేరులనే పోనిచ్చిండు. నేను కిటికి అద్దం జరంత దించి వాసన చూసుకుంట కూసున్న. ఏం రాలే. అయినా ఇల్లు చేరేదాక చూస్తనే ఉన్న.